ఎడ్డీ బొమ్మ టీషర్ట్ వేసుకెళ్తే "మూడు పాటలు చెప్పు" అన్నాడు

పులిహోర_ప్యాకెట్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మెటల్ మ్యూజిక్ (అదే, గిటార్ల మోత ఎక్కువుండే హెవీ మెటల్ రాక్) గురించి నాకు తెలిసింది సున్నా, ముందే ఒప్పేసుకుంటున్నా, తిట్టకండి.

పోయిన నెల కోఠిలో ఫుట్‌పాత్ మీద ఒక నల్ల టీషర్ట్ కొన్నాను. మూడు వందలు చెప్పి రెండు వందలకి ఇచ్చాడు. దాని మీద ఎర్ర కోటు వేసుకున్న అస్థిపంజరం సైనికుడు (పేరు ఎడ్డీ అట) ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో చిరిగిన బ్రిటిష్ జెండా పట్టుకుని మన మీదికే ఉరుకుతుంటాడు. పైన కోణాలు కోణాలుగా ఐరన్ మెయిడెన్ అని బ్యాండ్ పేరు. బొమ్మ నచ్చింది, కొన్నాను, అంతకు మించి ఏం ఆలోచించలేదు.

మొన్న శుక్రవారం ఆఫీసుకి అదే వేసుకెళ్ళాను. లిఫ్ట్‌లో పక్క టీమ్ అతను పైనుంచి కింది దాకా చూసి "ఫ్యానా?" అన్నాడు. "ఆ, బాగుంది కదా" అన్నాను. "అయితే మూడు పాటలు చెప్పు" అన్నాడు. జోక్ అనుకుని నవ్వేశా, ఆయన నవ్వలేదు. దిగేటప్పుడు "పోజర్" (అంటే ఏమీ తెలియకుండా ఫ్యాన్ వేషం వేసేవాడు) అని గొణిగాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నలుగురి ముందు మళ్ళీ అదే మాట. రెండు వందల చొక్కాకి ఎంట్రన్స్ పరీక్ష ఏంటో నాకు అర్థం కాలేదు గానీ, నిజం చెప్పాలంటే కొంచెం చిన్నతనంగా అనిపించింది.

ఆ రాత్రి పంతానికి పోయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ బొమ్మ ఉన్న పాటే వెతికి విన్నాను. గిటార్ గుర్రం డెక్కల్లా పరిగెడుతుంటే తెలియకుండానే కాలు ఊపుతున్నా. మూడుసార్లు విన్నాను. తర్వాత యాప్ తనంతట తనే వేరే బ్యాండ్‌లు వేసింది, అందులో ఒకాయన గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు అరుస్తున్నాడు, అది మాత్రం తట్టుకోలేక ఆపేశాను.

ఇంట్లో ఇంకో గొడవ. "శుక్రవారం పూట ఒంటి మీద ఆ పుర్రె ఏంట్రా" అని మా అమ్మ ఆ చొక్కాని మిగతా బట్టలతో కలిపి ఉతకనివ్వడం లేదు.

ఇంతకీ వీళ్ళకి ఎందుకంత పట్టింపు? నిజంగా వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? అమ్మకి ఏం చెప్పాలి?

కాచిగూడ_రాత్రిబండి

తమ్ముడూ, ఆ లిఫ్ట్ మనిషి తరఫున ముందు నేను సారీ చెప్తున్నా. పదిహేనేళ్ళ కిందట నేనూ ఇదే పని చేసేవాణ్ణి, ఇంకా ఘోరంగా. నేనైతే ఆల్బమ్ వచ్చిన సంవత్సరం కూడా అడిగేవాణ్ణి.

మాది వరంగల్. 1998లో మా దోస్తు వాళ్ళ బావ అమెరికా నుంచి రెండు క్యాసెట్‌లు తెచ్చాడు. అవి మా చేతికి వచ్చేసరికి ఎవరో కాపీ చేసిన దానికి కాపీ, దానికి ఇంకో కాపీ. పాట వెనకాల వాన కురుస్తున్నట్టు సర్రుమని మోత. తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ కొనుక్కోవడానికి వారం టిఫిన్ మానేసి, పాటల పేర్లు బాల్‌పెన్‌తో రాసుకుని, ఆ కాగితం చిరిగిపోతే మళ్ళీ రాసుకుని విన్నవాళ్ళం. అందుకే పేర్లు నోటికి వచ్చేవి, అంతే తప్ప తెలివితేటలు ఏం కాదు. అమెరికాలోనూ మొదట్లో ఇదే తంతు. మెటాలికా మొదటి ఆల్బమ్ 1983లో వచ్చింది గానీ, అంతకుముందు ఏడాదే వాళ్ళు నమూనాగా రికార్డ్ చేసుకున్న డెమో క్యాసెట్ ఊరి నుంచి ఊరికి పోస్టులో కాపీలుగా తిరిగేసింది. అంత పాకులాడి సంపాదించుకున్న బొమ్మ కోఠిలో రెండు వందలకి వేలాడుతుంటే కడుపు మండుతుంది. తప్పే, కానీ మంట మాత్రం నిజం.

అసలు చొక్కా కథ చెప్తా. 17 మార్చి 2007, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, ఐరన్ మెయిడెన్. అంత పెద్ద మెటల్ బ్యాండ్ మన దేశం వచ్చి ఆడటం అదే మొదలు. కాచిగూడలో రాత్రి బండి ఎక్కాం ఎనిమిది మందిమి, అందరం నల్ల చొక్కాలే. తెల్లవారి చూస్తే బోగీ బోగీకీ ఇలాంటి గుంపులు. టీటీ వచ్చి మా వైపు ఎగాదిగా చూసి "మార్చి నెలలో మాల ఏంటి స్వామీ?" అన్నాడు. ఆ రోజు నుంచి మా గ్యాంగ్‌లో ఒకరినొకరం స్వామీ అనే పిలుచుకుంటాం, ఇప్పుడు అందరికీ నలభై దాటాయి, ఇద్దరికి బైపాస్ కూడా అయింది.

ఆ సాయంత్రం గ్రౌండ్‌లో కొన్న టీషర్ట్ నా దగ్గర ఇప్పటికీ ఉంది, పొట్ట పట్టదు. ఒకసారి మా ఆవిడ దాన్ని బండి తుడిచే గుడ్డల్లో వేసింది, ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. ఇది మెడల్ లాంటిది తమ్ముడూ, నేను అక్కడ ఉన్నాను అని చెప్పే చీటీ. మీ ఆఫీసు మనిషికి కూడా అలాంటిదేదో ఉండి ఉంటుంది. అలాగని నలుగురి ముందు అవమానించడం తప్పే, మెల్లగా చెప్పు ఆయనకి.

నువ్వు విన్న పాట పేరు 'ది ట్రూపర్', 1983 నాటిది. 1854లో క్రిమియా యుద్ధంలో బలక్లావా దగ్గర ఆంగ్లేయుల గుర్రపు దళం తప్పుడు ఆదేశం విని తిన్నగా ఫిరంగుల మీదికి పోయింది, ఆ గుర్రాలే నీకు వినపడ్డాయి. కాలు ఊపింది ఊరికే కాదు.

లుంగీ_మెటల్

మూడు పాటలు అడిగినవాణ్ణి మళ్ళీ ఫుట్‌బాల్ జెర్సీ వేసుకున్నప్పుడు పట్టుకో బ్రో. గోల్‌కీపర్ పేరు అడుగు. నైక్ బూట్లు వేసుకున్నవాడు ఒలింపిక్స్‌కి పోయాడా అని కూడా అడుగు.

బర్మింగ్‌హామ్_చలి

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నావు కదా, నన్నడిగితే మొదలు దగ్గరే మొదలుపెట్టు. మెటల్ పుట్టింది నేను ఉంటున్న ఊళ్ళోనే, ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్. మాస్టర్స్ చేయడానికి వచ్చా, ఇప్పుడు పగలు క్లాసులు, రాత్రి గోడౌన్‌లో పెట్టెలు మోసే పని.

ఈ ఊళ్ళో ఆస్టన్ అని పేట ఉంది. ఫ్యాక్టరీ జనం ఉండే చోటు. అక్కడి కుర్రాడు టోనీ ఐయోమీ రేకులు కోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బ్యాండ్‌తో టూర్‌కి పోదామని పదిహేడేళ్ళకి ఉద్యోగం మానేశాడు, చివరి రోజు షిఫ్ట్‌లో మెషీన్‌లో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ఇక గిటార్ వదిలేయ్ అన్నారంతా. ఫ్యాక్టరీ మేనేజర్ మాత్రం ఒక రికార్డు తెచ్చి వినిపించాడు, జాంగో రైన్‌హార్ట్‌ది, నిప్పంటుకుని రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా వాయించిన మనిషి. ఐయోమీ ఇంటికెళ్ళి గిన్నెలు తోమే లిక్విడ్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకుని, పైన తోలు ముక్క అతికించుకున్నాడు. గట్టి తీగలు నొక్కితే నొప్పి, అందుకని సన్నటివి వేశాడు. కొన్నేళ్ళ తర్వాత తీగల బిగువు కూడా తగ్గించాడు. బిగువు తగ్గితే శ్రుతి దిగుతుంది, శబ్దం బరువెక్కుతుంది. ఈరోజు ప్రపంచంలో సగం బ్యాండ్‌లు కావాలని తెచ్చుకునే ఆ బరువు ఒక మనిషి నొప్పి తగ్గించుకునే దారిలో దొరికింది. రాత్రి పెట్టెలు మోసి వేళ్ళు మొద్దుబారినప్పుడల్లా నాకు ఈ కథ గుర్తొస్తుంది, ఊరికే.

ఆయన బ్యాండే బ్లాక్ సబ్బాత్. మొదటి ఆల్బమ్ ఒక్కరోజులో రికార్డ్ చేసేశారు, 13 ఫిబ్రవరి 1970న వచ్చింది, అది శుక్రవారం (మీ అమ్మగారికి చెప్పకు). వాన, చర్చి గంట, తర్వాత మూడంటే మూడు స్వరాలు. రాత్రి లైట్ తీసి విను. దయ్యాల సినిమాకి జనం డబ్బిచ్చి మరీ క్యూ కడుతున్నారే, మనం భయపెట్టే పాట ఎందుకు చేయకూడదు అనుకున్నారట వాళ్ళు. అంతేగానీ దయ్యాన్ని పూజించింది లేదు. పైగా నలుగురి మెళ్ళోనూ సిలువలు ఉండేవి, అవి చేసిచ్చింది పాటగాడు ఓజీ ఆస్బోర్న్ వాళ్ళ నాన్న, తను పనిచేసే ఫ్యాక్టరీలోనే, అల్యూమినియంతో. కొడుక్కి తాయెత్తు కట్టినట్టే కదా.

2025 జూలై 5న ఆ నలుగురూ మళ్ళీ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ స్టేడియంలో చివరిసారి ఆడారు. నాకు టికెట్ దొరకలేదు, దొరికినా కొనే స్తోమత లేదు. పార్కిన్సన్స్ జబ్బు వల్ల ఓజీ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పదిహేడు రోజులకి, జూలై 22న పోయాడు. 30న శవయాత్ర బ్రాడ్ స్ట్రీట్ మీదుగా వచ్చింది. అక్కడ కాలువ మీద వంతెన పేరే బ్లాక్ సబ్బాత్ బ్రిడ్జ్, నలుగురి మొహాలతో బెంచీ కూడా ఉంటుంది. షిఫ్ట్ వదిలేసి వెళ్ళా. ఒళ్ళంతా పచ్చబొట్లున్న పెద్ద పెద్ద మనుషులు పక్కనున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళ భుజం మీద పడి ఏడుస్తున్నారు. నా చొక్కా మీద ఏ బొమ్మ ఉందో ఎవరూ చూడలేదు.

డబుల్‌బాస్_సిరి

పోజర్ అన్న ఒక్క మాటకే ఇంత బాధపడ్డావా తమ్ముడూ, నన్ను అయిదు పాటలు అడిగారు. ఒక్కసారి కాదు, పోయిన ప్రతి చోటా. "బాయ్‌ఫ్రెండ్‌తో వచ్చారా?" అనేది దానికి ముందు ప్రశ్న. నేను పన్నెండేళ్ళుగా డ్రమ్స్ వాయిస్తున్నాను బాబూ, వచ్చింది బాయ్‌ఫ్రెండ్‌తోనే, ఆయన బ్యాగు మోయడానికి వచ్చాడు. కాబట్టి "కడుపు మంట" అని పెద్దన్న చెప్పింది సగమే నిజం, మిగతా సగం ఎవరో ఒకర్ని గుమ్మం బయట నిలబెడితే గానీ లోపలున్నవాళ్ళకి లోపలున్నట్టు అనిపించకపోవడం.

కానీ అదే జనం గురించి ఇంకోటి కూడా చెప్పాలి. బెంగళూరులో ఒక షోలో స్టేజి ముందు జనం ఎగిరి ఆడే పిట్‌లోకి దిగాను. తెలియనివాళ్ళు వీడియోలో చూసి కొట్టుకుంటున్నారు అనుకుంటారు. బోనాలప్పుడు పోతరాజు ముందు తీన్మార్ ఆడేవాళ్ళని చూశావుగా, దాదాపు అంతే, భుజాలు తగుల్తాయి గానీ ఎవరూ ఎవర్నీ కొట్టరు. నేను జారి పడ్డాను. కింద పడి రెండు సెకన్లు కాలేదు, నాలుగు చేతులు వచ్చి లేపి నిలబెట్టాయి, ఒకడు చుట్టూ చేతులు చాచి జనాన్ని ఆపాడు, ఇంకొకడు ఎక్కడో ఊడిపోయిన నా కళ్ళజోడు వెతికి పైకెత్తి "ఇది ఎవరిది?" అని అరుస్తున్నాడు. పడ్డవాళ్ళని లేపాలి, దూరంగా నిలబడ్డవాళ్ళని లోపలికి లాగకూడదు, దొరికిన వస్తువు పైకి ఎత్తి పట్టుకోవాలి, ఇవి ఎక్కడా రాసి ఉండవు, అందరికీ తెలుసు. వెళ్తే చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకో, బూట్లు వేసుకో, ఆ కోఠి చొక్కానే వేసుకో.

ఇక అమ్మ సంగతి. కచేరీల్లో చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తి కొమ్ముల్లా చూపిస్తారు కదా, అందరూ అది సైతాను గుర్తు అనుకుంటారు. దాన్ని అందరికీ అలవాటు చేసింది రానీ జేమ్స్ డియో అనే పాటగాడు. 1979లో ఓజీ స్థానంలో సబ్బాత్‌లోకి వచ్చాడు, ఓజీ ఎప్పుడూ రెండు వేళ్ళతో శాంతి గుర్తు చూపిస్తాడు, తను అదే చూపిస్తే బాగోదని వాళ్ళ నాయనమ్మ చేసే సైగ తెచ్చాడు. ఆవిడ ఇటలీ మనిషి. ఎవరైనా చెడు చూపు చూస్తే తగలకుండా ఆ వేళ్ళు చూపించేదట. అంటే మెటల్ కొమ్ములు అసలు దిష్టి తీసే సైగ! నీ చొక్కా మీద ఎడ్డీ కూడా అంతే అనుకో, కట్టే ఇంటికి వేలాడదీసే దిష్టిబొమ్మ కంటే అతనేమన్నా భయంకరంగా ఉన్నాడా?

వేణువు_వినండి

అందరూ ఇంత ముద్దుగా చెప్తున్నారు గానీ, నార్వేలో చర్చిలు తగలబెట్టింది ఎవరు? హత్యలు చేసింది ఎవరు? పిల్లలకి చెప్పేటప్పుడు అది కూడా చెప్పాలి. పైగా ఆ అరుపులు సంగీతమా? క్షమించాలి, నాకు గొంతు పూడుకుపోయిన కుక్కలా వినిపిస్తుంది.

డబుల్‌బాస్_సిరి

అడిగింది మంచి ప్రశ్నేనండీ, దాటేయను. 1992లో బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ అనే పాత చెక్క చర్చిని తగలబెట్టారు, తర్వాత ఇంకొన్ని. మరుసటి ఏడాది మేహెమ్ అనే బ్యాండ్ గిటారిస్ట్‌ని ఇంకో బ్యాండ్ అతను కత్తితో పొడిచి చంపాడు, ఇరవై ఒక్కేళ్ళ శిక్ష పడింది. అదంతా నిజం, అందులో గొప్ప ఏమీ లేదు, దాన్ని వీరగాథలా చెప్పుకునే కుర్రాళ్ళంటే నాకూ చిరాకే. కానీ అది ఒక చిన్న దేశంలో, ఒక చిన్న గుంపు చేసిన నేరం. ఇంకోవైపు 1990లో అమెరికాలో, రీనోలో, జూడాస్ ప్రీస్ట్ మీద కేసు నడిచింది, పాటలో దాచిన మాటల వల్లే ఇద్దరు కుర్రాళ్ళు తమను తాము కాల్చుకున్నారని. జడ్జి విచారించి కేసు కొట్టేశాడు. రెండూ గుర్తుపెట్టుకుంటే చాలు.

అరుపు గురించి: అది గొంతు చించుకోవడం కాదు. అసలు స్వరతంత్రుల మీద భారం వేయకుండా వాటి పైనుండే మడతల్ని కంపింపజేస్తారు, కింద నుంచి ఊపిరి పట్టు ఉండాలి. నేర్పే మాస్టర్లు ఉన్నారు. పౌరాణిక నాటకంలో హిరణ్యకశిపుడు రాత్రంతా గర్జించి తెల్లారి మామూలుగా మాట్లాడతాడు చూడండి, అక్కడా సాధనే. నచ్చకపోవడం మీ ఇష్టం, మా నాన్నకీ నచ్చదు, నేను వాయిస్తుంటే టీవీ సౌండ్ పెంచుతాడు.

వేణువు_వినండి

నాటకం పోలిక బాగుందమ్మా. వినను గానీ ఒప్పుకుంటున్నా.

లుంగీ_మెటల్

పులిహోర బ్రో, వరస ఇదిగో, ఎక్కువ ఆలోచించకు. సబ్బాత్ మొదటి ఆల్బమ్, తర్వాత మెయిడెన్ 1982 నుంచి 1984 దాకా వచ్చిన మూడు, తర్వాత మెటాలికా 1986 ఆల్బమ్. ఇవి కడుపులో పడ్డాక మన వాళ్ళ దగ్గరికి రా. బెంగళూరు క్రిప్టోస్ 1998 నుంచి ఆడుతున్నారు, పాత ఇంగ్లండ్ బాణీ అంటే ఇష్టమైతే వదలకు. ఢిల్లీ బ్లడీవుడ్ ఢోల్ కొడుతూ పాడతారు, 2019లో జర్మనీలో వాకెన్ దాకా పోయారు. వాకెన్ అంటే ఒక పల్లెటూరు, ఏటా ఆగస్టు దగ్గర్లో మెటల్ పండగకి ఆ పొలాల్లోకి వేలకు వేల జనం దిగుతారు, మన జాతర టైపే. హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్ళది గాడ్‌లెస్ ఉంది, 2021 ఆల్బమ్ పిచ్చెక్కిస్తుంది, కానీ నీ చేపముల్లు సమస్య తగ్గాక విను.

కాచిగూడ_రాత్రిబండి

లుంగీ భాయ్, 1980 మెయిడెన్ మొదటి ఆల్బమ్ వదిలేశావేంటి? అప్పుడు పాటగాడు వేరే మనిషి, ఆ మోటుదనం తర్వాత రాలేదు. తర్వాత వచ్చిన పాటగాడు బ్రూస్ డికిన్సన్ గొప్పవాడే, కాదనను, విమానం కూడా నడుపుతాడు, 2008లో బ్యాండ్‌నీ సామానునీ ఒకే బోయింగ్ 757లో ఎక్కించుకుని తనే నడుపుతూ ముంబై వచ్చి ఆడాడు. అయినా మొదటి ఆల్బమ్ మొదటి ఆల్బమే.

లుంగీ_మెటల్

మొదలైంది. స్వామీ, వేరే థ్రెడ్ వేసుకుందాం.

పులిహోర_ప్యాకెట్

అందరికీ థాంక్స్. రెండు అప్‌డేట్‌లు.

అమ్మకి సిరి అక్క చెప్పిన నాయనమ్మ కథ మొత్తం చెప్పాను. శ్రద్ధగా విని "దిష్టిబొమ్మయితే గుమ్మానికి కడతారు గానీ ఒంటికి తగిలించుకుంటారా" అంది. కానీ నిన్న చూస్తే చొక్కా మిగతా బట్టలతో కలిసే ఆరుతోంది, తిరగేసి ఆరేసింది, బొమ్మ లోపలికి.

ఆఫీసు ఆయన దగ్గరికి నేనే వెళ్ళాను. బలక్లావా, గుర్రాలు, ఫిరంగులు అని చెప్పి, "ఇది ఒక పాట, ఇంకో రెండు నువ్వే చెప్పు" అన్నాను. కాసేపు మొహం అదోలా పెట్టాడు. తర్వాత తెలిసింది, 2011లో మెటాలికా చూద్దామని ఢిల్లీ నుంచి గుర్‌గావ్ పోయాడట, అక్కడ షో రద్దయి, జనం స్టేజి దగ్గర విరగ్గొడుతుంటే మధ్యలో ఇరుక్కున్నాడు. రెండు రోజులకి వాళ్ళు బెంగళూరులో ఆడారు, అక్కడికి పోవడానికి చేతిలో డబ్బుల్లేవు. ఇప్పటిదాకా ఒక్క పెద్ద షో చూడలేదు. సారీ అయితే చెప్పలేదు గానీ సాయంత్రానికి నలభై పాటల లిస్టు పంపాడు.

అందులో పద్నాలుగోది పదమూడు నిమిషాలు పైనే ఉంది. ఎవరో నావికుడు పక్షిని చంపుతాడు, ఓడ ఆగిపోతుంది, మధ్యలో కాసేపు చెక్క కిర్రుకిర్రుమనడం తప్ప దాదాపు ఏమీ వినపడదు. ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నా. ఇది మొత్తం వినాలా?

కాచిగూడ_రాత్రిబండి

వినాలి స్వామీ.